వైరు పంచాయతీ ఆఫీసు దాకే వచ్చింది

ఇది వాడ ముచ్చట్లలో 23వది.

పోయిన ఆదివారం కోరుట్లలో డిగ్రీ చదివే పిల్లలతో కూసున్న. చదువు మీద, ఇంటర్నెట్ మీద మాట పోయింది. ఒక తమ్ముడు సూటిగనే అడిగిండు: "అన్నా, బాయికాడ కులం ఉన్నదంటే ఒప్పుకుంట. గుడికాడ ఉన్నదంటే ఒప్పుకుంట. ఇంటర్నెట్‌కు కులమేందే? రీఛార్జ్ పటేల్‌కైనా అదే రేటు, నాకైనా అదే రేటు." అందరూ నవ్విన్రు, నేను కూడా నవ్విన. కానీ ప్రశ్న మంచిది. రెండు మాటల్లో తెగేది కాదు కాబట్టి ఈ వారం దాని మీదనే రాస్తున్న. కొంచెం పొడుగైతది, ఓపిక పట్టున్రి.

తమ్ముడి మాటలో నిజమున్నది. 2016 సెప్టెంబర్‌లో జియో వచ్చినంక డాటా రేటు పడిపోయింది. మా వాడలో చాట ముందట పెట్టుకొని బీడీలు చుట్టే అవ్వల దగ్గర కూడా ఇప్పుడు టచ్ ఫోన్ ఉన్నది. జగిత్యాల, కోరుట్ల, మెట్‌పల్లి, సిరిసిల్ల దిక్కు ఏ ఇంటికి పోయినా గల్ఫ్ ముచ్చట ఉంటది. నా చిన్నప్పుడు మా బాపు మస్కట్‌లో ఉండె. ఆయన మాట వినాలంటే సెలవు మీద వచ్చెటోళ్లు ఎవరన్నా క్యాసెట్ తేవాలె. టేప్ రికార్డర్ వాడ మొత్తానికి ఒక్కటే. క్యాసెట్ పెడితే వాడంతా కూసోని వినేది, అవ్వకు ఒక్కదానికే చెప్పుకోవాల్సిన మాట కూడా అందరికీ వినవడేది. తర్వాత కోరుట్ల ఎస్టీడీ బూత్ కాడ లైన్లు కట్టినం. ఇప్పుడు సిరిసిల్ల దిక్కు ఇచ్చిన మా అక్క, దుబాయ్‌లో ఉన్న బావ ముఖం చూసుకుంట మాట్లాడుతది. అక్కడ వాట్సాప్ కాల్ కలవదు, బోటిమ్ లాంటిది పెట్టుకోవాలె. చెల్లె పెండ్లి, తండ్రి సావు, బిడ్డ సమర్త, అన్నీ బావ ఆ చిన్న అద్దంలోనే చూసిండు. ఇది తక్కువ సంగతి అని నేను ఏనాడూ అనను.

అయితే సెల్లుకు వచ్చే సిగ్నల్ వేరు, ఇంటికి వచ్చే ఫైబర్ వైరు వేరు. టవర్‌ను చెరువు అనుకోండి. పొద్దున ఎవరూ వాడనప్పుడు నీళ్లు నిండుగనే కనవడుతయి. రాత్రి ఎనిమిదింటికి కైకిలికి పోయినోళ్లు, కాలేజీకి పోయినోళ్లు అందరూ ఇంటికొచ్చి ఫోన్ తీస్తే ఒక్కొక్కరికి చెంబెడు కూడా రావు. ఆయకట్టు చివరన ఉన్న పొలం ముందుగాల ఎండినట్టు, టవర్‌కు దూరమున్న ఇల్లు ముందుగాల ఎండుతది. ఫైబర్ అట్ల కాదు. వెంట్రుకంత గాజు పోగులో వెలుతురు రూపంలో సమాచారం పోతది. ఇంటికొచ్చిన ఒక్క వైరు మీద నలుగురు పిల్లలు నాలుగు క్లాసులు వినొచ్చు. రోజుకు ఒకటిన్నర జీబీ అని లెక్కగట్టి మధ్యాహ్నానికే గొంతు పిసకదు. గ్రూప్స్‌కో, నీట్‌కో చదివే పిల్లకు ఈ తేడా ఎంతనో మీకు నేను చెప్పాల్నా?

మరి కులం ఎక్కడున్నది? 2020 యాదికి తెచ్చుకోండి.

ఆ ఏడాది సెప్టెంబర్ 1 నుంచి మన రాష్ట్రంలో 3 నుంచి 10వ తరగతి దాకా దూరదర్శన్ యాదగిరిలో, టీ-శాట్‌లో పాఠాలు మొదలైనయి. అంతకు రెండేండ్ల ముందట కేంద్ర సర్కారు చేసిన సర్వేలోనే (జాతీయ నమూనా సర్వే 75వ రౌండ్) దేశంలో పల్లె ఇండ్లలో ఇంటర్నెట్ అందేది వందకు 15 ఇండ్లకే అని, కంప్యూటర్ ఉన్నది వందకు నాలుగు ఇండ్లలోనే అని తేలింది. మా అక్క బిడ్డ అప్పుడు తొమ్మిదో తరగతి. టీవీలో పాఠం అయినంక వర్క్‌షీట్ వాట్సాప్‌లో వస్తది, రాసి ఫొటో తీసి సార్‌కు పంపాలె. వాళ్ల వాడ ఊరికి దిగువన, చెరువు కట్ట కింద. అక్కడ సిగ్నల్ ఒక గీత, రెండు గీతలు. ఊరి నడుమ గుడి అరుగు మీద కూసుంటే నిండుగ వస్తది. పిల్ల ఇంకో ఇద్దరు దోస్తులను తీసుకొని పోయి ఆ అరుగు మీద కూసున్నది.

ఎవరూ తిట్టలేదు. ఒక పెద్దమనిషి వచ్చి "ఎవలి బిడ్డలు మీరు?" అని మాత్రం అడిగిండు. తెలిసే అడిగిండు. పిల్లలు చెప్పిన్రు. ఆయన సరే అని పోయిండు. తెల్లారి సాయంత్రం పోయేసరికి అరుగు మీద బకెట్లతో నీళ్లు చల్లి ఉన్నయి. ఆ తెల్లారి కూడా. వారం రోజులు రోజూ సరిగ్గ నాలుగింటికి ఆ అరుగు తడిసేది. తడి రాయి మీద పుస్తకం పెట్టుకొని ఎవరు కూసుంటరు? పిల్ల నాకు ఫోన్ చేసి "మామా, గుడి కడుగుతున్నరట, మేం ఇంటికాడనే చదువుకుంటం" అన్నది. ఏ సెక్షన్ కింద కేసు పెడతం చెప్పండి. నీళ్లు చల్లుడు నేరమా?

తమ్ముడూ, రీఛార్జ్ రేటు అందరికీ ఒక్కటే. సిగ్నల్ పడే జాగ అందరిదీ కాదు.

ఇంకో ముచ్చట. 2023 జనవరి 1 నుంచి ఉపాధి హామీ పనికాడ హాజరు మొత్తం ఫోన్ యాప్‌లోనే అన్నరు. పొద్దున ఒక ఫొటో, పగటీలి ఒక ఫొటో. ఫొటో ఎక్కితేనే కూలి. మా దిక్కు ఉపాధి పనికి పోయేది ఎక్కువ మంది మన ఆడోళ్లే. చెరువు పూడిక తీసేకాడ, గుట్ట కింద కందకాలు తవ్వేకాడ సిగ్నల్ ఏడుంటది? మేట్ పిల్ల ఫోన్ పైకెత్తి పట్టుకొని గుట్టెక్కుతది, దిగుతది. ఫొటో ఎక్కని రోజు మా చిన్నవ్వ గడ్డపార పట్టిన రోజే. చేతికి బొబ్బలున్నయి, రిజిస్టర్‌లో మనిషి లేదు. రేషన్ బియ్యానికి వేలిముద్ర, పింఛన్‌కు వేలిముద్ర, భూమి కాగితానికి మొన్నటి దాకా ధరణి, 2025 ఏప్రిల్ 14 నుంచి భూభారతి. దాన్ని అంబేద్కర్ జయంతి నాడే మొదలుపెట్టిన్రు, సంతోషం. హక్కు అన్నది ఏదైనా ఇప్పుడు వైరు మీద నుంచే రావాలె. అందుకే ఇది రీల్స్ చూసుకునే ముచ్చట కాదు.

ఇగ ఆ వైరు కథ చెప్త.

2011 అక్టోబర్‌లో కేంద్రం ఒక పథకానికి ఒప్పుకున్నది. దేశంలో రెండున్నర లక్షల గ్రామ పంచాయతీలకు ఫైబర్ వెయ్యాలె. తర్వాత దాని పేరు భారత్‌నెట్ అయింది. మన దగ్గర తెలంగాణ వచ్చినంక మిషన్ భగీరథ నీళ్ల పైపుల కోసం ఎట్లనో కందకాలు తవ్వుతున్నం కదా, అదే కందకంలో ఫైబర్ గొట్టం కూడా వేద్దాం అన్నరు. అదే టీ-ఫైబర్. ఆలోచన మంచిదే, ఎవరు చేసినా మంచిదనాలె. ఒక్కసారి తవ్విన నేలలో రెండు పనులు. 2017లో మహేశ్వరం మండలంలో నాలుగు ఊళ్లలో చేసి చూపిచ్చిన్రు. అప్పటి ఐటీ మంత్రి మన సిరిసిల్ల ఎమ్మెల్యేనే. సర్కారు మారి, ఐటీ మంత్రి మారి, 2024 డిసెంబర్‌లో మళ్లీ టీ-ఫైబర్ మొదలైందని ప్రకటించి, ప్రయోగంగా తీసుకున్న ఊళ్లలో పెద్దపల్లి జిల్లా అడవి శ్రీరాంపూర్‌ను పెట్టిన్రు. 2017లో ప్రయోగం, 2024లో ప్రయోగం. ఈ మధ్యల ఆరో తరగతి పిల్ల ఇంటర్ దాటింది.

మా ఊరు కోరుట్లకు దగ్గరే. మా ఊరికి ఫైబర్ వచ్చింది, అబద్ధమాడను. పంచాయతీ ఆఫీసు దాకా వచ్చింది. మండలం కాడ ఒక పెద్ద మెషిన్ ఉంటది, అక్కడి నుంచి వెలుతురు వచ్చి పంచాయతీలో గోడకు కొట్టిన చిన్న పెట్టెలో దిగుతది. మా పంచాయతీలో ఆ పెట్టె బీరువా పక్కన ఉన్నది. సాయంత్రం అయిదింటికి కారోబార్ ఇంటికి పోతూ మెయిన్ స్విచ్ బంద్ చేస్తడు, పెట్టె కూడా బంద్. కరెంటు పోతే ఆదుకోవాల్సిన బ్యాటరీ ఎన్నడో సచ్చిపోయింది. మా పిల్లలు సమాచార హక్కు కింద దరఖాస్తు పెడితే "సదరు గ్రామ పంచాయతీకి కనెక్టివిటీ కల్పించబడినది" అని రాసి పంపిన్రు. కాగితం మీద మా ఊరు ఎన్నడో దేశంతో కలిసింది. ఊరు అంటే పంచాయతీ ఆఫీసేనాయె.

ఆ పెట్టె నుంచి మా వాడ మొదటి ఇంటికి ఏడు వందల అడుగులు కూడా లేవు, నేను నడిచి లెక్కపెట్టిన. ఢిల్లీ నుంచి కోరుట్ల దాకా వచ్చిన వెలుతురుకు ఆ ఏడు వందల అడుగులే కష్టమైతున్నయి. బోరింగ్ గిట్లనే వచ్చింది, సీసీ రోడ్డు గిట్లనే వచ్చింది. వీధి దీపాల స్తంభాలు అయితే వాడ మొదట్లకొచ్చి ఆగి, నా పదో తరగతి అయినంక లోపలికొచ్చినయి. మధ్యల ఎవరూ అడ్డం పడుకోరు. "ముందు ఊళ్లకు కానీయండి, తర్వాత మీ దిక్కు చూద్దాం" అంటరు. ఆ తర్వాతకు తారీఖు ఉండదు.

దీంట్ల నాకు మనసుకు పట్టే సంగతి ఇంకొకటి ఉన్నది. మా తాత ఊరి సుంకరి. పట్వారీ కాగితం మడిచి ఇస్తే పట్టుకొని జగిత్యాల తహసీల్ కచ్చీరుకు కాలినడకన పోయెటోడు. ఊళ్లె ఎవరు సచ్చినా పై ఊళ్ల చుట్టాలకు కబురు మోసెటోడు. చెరువు మత్తడి పడ్డా, దండోరా వెయ్యాల్సి వచ్చినా, జాతర తారీఖు చెప్పాలన్నా మా వాడ డప్పే మోగాలె. అంతా వెట్టి. తరతరాలు ఈ ఊరికి నెట్‌వర్క్ మా కాళ్లే, మా డప్పే. ఆ వెట్టి ఊరికెనే పోలేదు. 1978 సెప్టెంబర్ 7 జగిత్యాల జైత్రయాత్ర, దొరల మీద సాంఘిక బహిష్కారం, తర్వాతి నెలలోనే జగిత్యాల, సిరిసిల్ల తాలూకాలను కల్లోలిత ప్రాంతాలని ప్రకటించుడు, ఆ చరిత్ర మీరు చదివే ఉంటరు. కబురు మోసినోళ్ల వాడకే ఇప్పుడు కబురు వైరు ఆఖరున వస్తదంటే కోపం రాకుంట ఎట్లుంటది?

పైసలు లేవంటరు. ఆ లెక్క చూద్దాం. టెలిఫోన్ కంపెనీలు వాటి రాబడి మీద సర్కారుకు 8 శాతం లైసెన్స్ ఫీజు కడతయి. అందులో 5 శాతం పల్లెలకు ఫోను, ఇంటర్నెట్ ఇచ్చేటందుకు పెట్టిన నిధికే. మొన్నటిదాకా దాని పేరు యూఎస్ఓ ఫండ్, 2023 టెలికాం చట్టంతో డిజిటల్ భారత్ నిధి అయింది. కంపెనీ తన జేబుల నుంచి తీసి కడుతదా? మా చిన్నవ్వ మూడొందలు పెట్టి రీఛార్జ్ చేసుకుంటే, జీఎస్టీ పోను అందాజ 12 రూపాయలు ఆ నిధి పేరు మీద పోతున్నట్టే. వెయ్యి బీడీలు చుట్టి తెచ్చిన కూలిలోంచి. అంటే వైరు కోసం మేం ముందుగాలనే పైసలు కట్టినం. 2023 ఆగస్టులో భారత్‌నెట్‌ను సవరించి 1.39 లక్షల కోట్లు మంజూరు చేసిన్రు, పంచాయతీ కేంద్రం కాని ఊళ్లకు కూడా "అడిగితే" ఇస్తమన్నరు. ఆ అడిగితే అన్న మాట గట్టిగ పట్టుకోండి.

పక్క రాష్ట్రాలు ఏం చేసినయో కూడా తెలిసుండాలె. ఆంధ్రలో నేల తవ్వకుంట కరెంటు స్తంభాల మీదనే ఫైబర్ గుంజిన్రు, 2017 డిసెంబర్‌లో మొదలుపెట్టినప్పుడు నెలకు 149 రూపాయలకే ఇచ్చిన్రు. తర్వాత దాని మీద ఆరోపణలు, కేసులు మస్తు వచ్చినయి, అది వేరే ముచ్చట. కేరళలో 2019లో హాస్టల్‌లో ఫోన్ వాడొద్దంటే ఒప్పుకోని ఒక డిగ్రీ పిల్లను హాస్టల్ నుంచి పంపేస్తే, ఆమె హైకోర్టుకు పోయింది. ఇంటర్నెట్ అందుకునుడు చదువు హక్కులో భాగమని కోర్టు చెప్పింది. అదే రాష్ట్రం 2023 జూన్‌లో కె-ఫోన్ మొదలుపెట్టి 20 లక్షల పేద కుటుంబాలకు ఉచితంగ ఇచ్చుడు తన లక్ష్యం అన్నది. లక్ష్యం ఎంత అందుకున్నరన్నది పక్కకు పెట్టండి. పేద ఇంటిని పేరు పెట్టి లెక్కలోకి తీసుకున్నరు. మన కాగితాల్లో లెక్క పంచాయతీ ఆఫీసులదే.

ఇప్పుడు సిరిసిల్లకు రాండ్రి. మా దిక్కు కరెంటు ఎన్‌పీడీసీఎల్‌ది. మా అక్క అత్తగారి ఊళ్లో కరెంటు బిల్లు మీద వేరే పేరు ఉంటది, సెస్. సహకార విద్యుత్ సరఫరా సంఘం. 1970లో మొదలైంది. దేశంలో ప్రయోగంగా పెట్టిన మొదటి అయిదు గ్రామీణ విద్యుత్ సహకార సంఘాల్లో మన సిరిసిల్ల ఒకటి. అప్పుడు ఆ తాలూకాలో కరెంటున్న ఊళ్లు చాలా తక్కువ. కరెంటు వాడెటోళ్లే సంఘంలో సభ్యులు, సభ్యులే ఓట్లేసి డైరెక్టర్లను ఎన్నుకుంటరు. మన రాష్ట్రంలో ఇంకా నడుస్తున్నది అదొక్కటే. మా అక్క చేతిలో ఆ సభ్యత్వం ఉన్నదన్న సంగతి నేను చెప్పేదాకా ఆమెకే పట్టింపు లేదు. "కరెంటోళ్ల ఓట్లా? మీ బావ వేసి వచ్చెటోడు" అన్నది.

ఈ సంఘాలకు నమూనా అమెరికా పల్లెల్లో ఉన్నది. లాభం రాదని కంపెనీలు కరెంటు ఇయ్యని ఊళ్లలో 1930లలో రైతులే సంఘాలు కట్టి, సర్కారు అప్పు తీసుకొని స్తంభాలు పాతుకున్నరు. ఆ సంఘాల్లో కొన్ని ఇప్పుడు అవే స్తంభాల మీద ఫైబర్ గుంజి ఇంటింటికి ఇంటర్నెట్ ఇస్తున్నయి. ఇంగ్లండ్‌లో లాంకషైర్ దిక్కు 2011లో ఊరోళ్లే సంఘం పెట్టుకొని, తమ పొలాల గుండా తామే కందకాలు తవ్వి ఫైబర్ వేసుకున్నరు. మరి యాభై ఏండ్ల కిందటనే అట్లాంటి సంఘం కట్టుకున్న సిరిసిల్లలో, స్తంభాలు ఉన్నయి, లైన్‌మెన్ ఉన్నరు, బిల్లు వసూలు చేసే పద్ధతి ఉన్నది, వాడ చివరి ఇంటి మీటర్ నంబర్ కూడా రాసి ఉన్నది. పంచాయతీ పెట్టె నుంచి ఇంటిదాకా వైరు వేసే పని వాళ్లకు ఎందుకు అప్పజెప్పరు? ఈ ప్రశ్న సిరిసిల్ల మిత్రులు సెస్ మహాసభలో అడగాలె.

సహకారం అనంగనే మురిసిపోవద్దు. సంఘం ఎవరి చేతిలో ఉంటే వైరు అటే వంగుతది. 2022 డిసెంబర్‌లో సెస్ ఎన్నికలు ఎట్ల జరిగినయో చూసినం, అచ్చం అసెంబ్లీ ఎన్నికల లెక్క. పార్టీ జెండాలు, మందు, పైసలు. ఆ కొట్లాటలో ఒక్కడన్నా వాడ చివరి స్తంభం ముచ్చట ఎత్తిండా? నాకైతే వినవడలేదు. అయినా కంపెనీని నిలదీయడానికి మనకు ఓటు లేదు. సెస్‌లో ఉన్నది. లేనిదానికన్నా ఉన్నదాన్ని పట్టుకొని గుంజుడు నయం.

మా ఊళ్లె మేం చేస్తున్నది చెప్త. గ్రామసభలో తీర్మానం పెట్టినం. ఒకటి, పంచాయతీ పెట్టెకు వేరే మీటర్, వేరే బ్యాటరీ పెట్టి రాత్రి కూడా నడపాలె. రెండు, మొదటి కొత్త వైరు వాడలో ఉన్న అంబేద్కర్ సంఘం బిల్డింగ్‌కు రావాలె, రెండోది వాడ అంగన్‌వాడీకి. ఊరంతా అయినంక కాదు, మొదట్లనే. పైసలు ఎక్కడివంటే 2017 ఎస్సీ, ఎస్టీ ప్రత్యేక అభివృద్ధి నిధి చట్టం చూపించినం. ఆ నిధి మన పేరు మీద పెట్టింది, దాంతో ఏడు వందల అడుగుల వైరు రాదంటే ఎట్ల? సభలో ఒకాయన "మీకెందుకు బిడ్డా అంత స్పీడు, సెల్లుల వస్తలేదా?" అన్నడు. ఆయన కొడుకు హైదరాబాద్‌లో ఇంట్లో కూసోని కంపెనీ పని చేస్తడు. మా చిన్నవ్వ లేచి "మీ కొడుకు ఎంత స్పీడుల చేస్తడో గంతే మాకు కావాలె పటేలా, ఎక్కువొద్దు" అన్నది. సభ నవ్వింది. తీర్మానం రిజిస్టర్‌లో ఎక్కింది. నంబర్ రాసుకున్నం, నకలు తీసుకున్నం, మండలానికి, కలెక్టరేట్‌కు పంపినం. ఇంకా జవాబు రాలేదు.

తడి అరుగు మీద నుంచి లేచొచ్చిన మా మేనకోడలు ఇప్పుడు కరీంనగర్‌లో హాస్టల్‌లో ఉండి డిగ్రీ చేస్తున్నది. సెలవులకు వచ్చినప్పుడు వాడ పిల్లలను పిలిచి సంఘం బిల్డింగ్‌లో కూసోబెట్టి తన ఫోన్ హాట్‌స్పాట్ ఇస్తది. ఆరుగురు పిల్లలు, ఒక్క ఫోను. ఏడున్నరకు డాటా ఒడుస్తది.

చదువుకుంటున్న తమ్ముండ్లు, చెల్లెండ్లు ఈ వారం ఒక పని చేయున్రి. మీ ఊరి పంచాయతీ ఆఫీసుకు పోండ్రి. ఫైబర్ పెట్టె ఏడున్నదో అడుగున్రి. దాని మీద లైట్లు వెలుగుతున్నయా లేదా చూసి ఫొటో తీయున్రి. సాయంత్రం ఆరింటికి మళ్లొకసారి పోయి చూడున్రి. అక్కడి నుంచి మీ వాడ మొదటి ఇంటికి ఎన్ని అడుగులు, ఆఖరి ఇంటికి ఎన్ని అడుగులు నడిచి రాయున్రి. ఊరి పేరు, మండలం పేరు రాయుడు మర్వకున్రి. జగిత్యాల, సిరిసిల్ల రెండు జిల్లాలవి జమ చేసి ఒకటే దరఖాస్తుగ పెడదాం.

వచ్చే వారం ముచ్చట బీడీ కార్మికుల పీఎఫ్ మీద. పీఎఫ్ నంబర్ ఉన్న అవ్వలు ఇంట్ల ఉంటే పాస్‌బుక్ దగ్గర పెట్టుకోమనున్రి.